కార్ లాక్ డీకోడింగ్ టూల్స్: లక్షన్నర బడ్జెట్‌లో ఏది ముందు కొనాలి, ఏది ఆగొచ్చు?

ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల రివ్యూలు చదవడానికి ఈ సైట్‌కి వచ్చేవాళ్ళకి ఈ టాపిక్ కొంచెం కొత్తగా అనిపించొచ్చు. కానీ ఒక్కసారి మీ కార్ కీ చేతిలోకి తీసుకుని చూడండి. అందులో ఒక చిప్ ఉంది, రేడియో ఉంది, చిన్న కాయిన్ బ్యాటరీ ఉంది. అదీ గాడ్జెటే. అది పోతే ఇంకోటి తయారుచేసే మనిషి చేతిలో ఉండేవి కూడా గాడ్జెట్లే. వాటి గురించి తెలుగులో ఎక్కడా సరైన రివ్యూ దొరకదు. దొరికే వీడియోలన్నీ అమ్మేవాళ్ళవే.

నాకు ఈ పని ఎలా తగిలిందంటే, మా బాచుపల్లి క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక కీ మేకర్ భాయ్ ఉన్నారు. ఇంటి తాళాలు, బైక్ కీలు, పాత మారుతి కీలు ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నారు. నిజాంపేట, ప్రగతినగర్, మల్లంపేట వైపు అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ కార్లు పెరిగాయి గానీ భాయ్‌కి కార్ పని తగ్గింది. ఎందుకంటే ఇప్పుడొచ్చే కీలు పాత గ్రైండింగ్ మెషిన్ మీద అవ్వవు. చిట్టీ ఎత్తి లక్షన్నర చేతిలో పెట్టుకుని నన్ను అడిగారు: "తమ్మీ, షాపాయన ఈ పెద్ద ట్యాబ్లెట్ ఒక్కటి తీస్కుంటే అన్ని కార్లు అయిపోతయ్ అంటుండు. నువ్వు కంప్యూటర్ సదువుకున్నోడివి గదా, జర చూసి చెప్పు."

ఒక నెల వీకెండ్లు దీని మీదే కూర్చున్నా. జవాబు ముందే చెప్పేస్తా: ఆ ట్యాబ్లెట్ మొదట కొనాల్సిన వస్తువు కాదు. ఎందుకో తెలియాలంటే కీ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

ఒక కీ, రెండు తాళాలు

ఇప్పటి కార్ కీ రెండు వేరు వేరు తాళాలు తీస్తుంది. మొదటిది మెకానికల్. లాక్ సిలిండర్‌లో వరుసగా పలచటి లోహపు రేకులు ఉంటాయి, వీటిని వేఫర్లు అంటారు. కీ బ్లేడ్ మీద ఒక్కో చోట ఒక్కో లోతు కట్ ఉంటుంది. ప్రతి లోతూ తన వేఫర్‌ని సరైన ఎత్తుకి తెస్తేనే సిలిండర్ తిరుగుతుంది. రెండోది ఎలక్ట్రానిక్. కీ తలలో ఉన్న ట్రాన్స్‌పాండర్ చిప్‌ని ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ పలకరిస్తుంది. జవాబు సరిగ్గా రాకపోతే కీ తిరిగినా ఇంజన్ స్టార్ట్ అవ్వదు. మారుతి వాళ్ళు ఐక్యాట్స్ అని స్టిక్కర్ వేసేది ఈ ఇమ్మొబిలైజర్‌కే.

డీకోడింగ్ అంటే మొదటి తాళం సంగతి మాత్రమే. కట్‌ల లోతుల్ని నంబర్లుగా చదవడం. మన భాషలో చెప్పాలంటే బ్లేడ్ ఒక పాస్‌వర్డ్, ఒక్కో కట్ ఒక్కో అంకె. ఫోక్స్‌వ్యాగన్ పోలో, స్కోడా రాపిడ్ లాంటి కార్లలో కనిపించే హెచ్‌యూ66 ప్రొఫైల్‌లో 8 కట్లు, ఒక్కో చోట 4 లోతులు. అంటే లెక్కప్రకారం 65,536 కాంబినేషన్లు. ఫోర్డ్ వాడిన హెచ్‌యూ101లో 10 కట్లు, 5 లోతులు. అది 97 లక్షలు దాటుతుంది. నిజంగా ఫ్యాక్టరీలో వాడేవి ఇంతకంటే తక్కువే, ఎందుకంటే పక్కపక్క కట్‌ల మధ్య మరీ పెద్ద తేడా ఉండకూడదు లాంటి రూల్స్ ఉంటాయి.

షాపాయన చెప్పని విషయం ఇక్కడే ఉంది. ఆ పెద్ద ట్యాబ్లెట్ చేసేది రెండో తాళం పని, అంటే చిప్ ప్రోగ్రామింగ్. బ్లేడ్ నంబర్లు అది చదవదు, బ్లేడ్ కట్ చేయదు. కీ పోగొట్టుకుని కార్ పక్కన నిలబడ్డ కస్టమర్ దగ్గరకి ఒక్క ట్యాబ్లెట్‌తో వెళ్తే ముందు డోరే తెరుచుకోదు.

లాక్ ముట్టుకోకుండా నంబర్ దొరికే దారులు

టూల్ కొనేముందు, టూల్ అవసరం లేని దారులు చూసుకోవాలి. కొత్త కార్ డెలివరీ అప్పుడు కీలతో పాటు చాలా కంపెనీలు ఒక చిన్న ట్యాగ్ ఇస్తాయి, దాని మీద కీ నంబర్ ఉంటుంది. మనవాళ్ళలో ఎక్కువమంది అది ఏంటో తెలియక కీచైన్‌తోనే తిప్పుతారు, లేదా గ్లవ్‌బాక్స్‌లో పడేస్తారు. ఆ నంబర్ ఉంటే ఇన్‌స్టాకోడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేసి కట్ లోతులు తెలుసుకోవచ్చు.

రెండో కీ ఇంట్లో ఉంటే ఇంకా సులువు. డిజిటల్ వెర్నియర్ కాలిపర్‌తో ఒక్కో కట్ దగ్గర బ్లేడ్ వెడల్పు కొలిచి, ఆ ప్రొఫైల్ చార్ట్‌తో పోల్చాలి. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. అరిగిపోయిన కీని అలాగే కాపీ కొడితే ఆ అరుగుదల కూడా కాపీ అవుతుంది. దాని కాపీకి కాపీ తీస్తే ఇంకా దారుణం, వాట్సాప్‌లో పదిసార్లు ఫార్వర్డ్ అయిన ఫొటో లాగా. కొలిచి, దగ్గరి చార్ట్ నంబర్‌కి సవరించి, ఆ నంబర్‌తో కొత్తగా కట్ చేస్తే ఫ్యాక్టరీ కీ లాంటిది వస్తుంది. రాణిగంజ్‌లో మామూలు డిజిటల్ కాలిపర్ కొన్నాం. మిల్లీమీటర్‌లో వందో వంతు చూపించేది చాలు. ప్లాస్టిక్ బాడీది మాత్రం వద్దు, ఎండలో కార్ బానెట్ మీద పెడితే రీడింగ్ జరుగుతుంది.

మూడో దారి, లాక్‌ని విప్పి వేఫర్లు చూడటం. చాలా లాక్‌ల్లో వేఫర్ మీదే దాని నంబర్ అచ్చయి ఉంటుంది. కానీ డోర్ ప్యానెల్ విప్పాలి, క్లిప్పులు విరుగుతాయి, కస్టమర్ మొహం మారుతుంది. భాయ్ దీన్ని ఆఖరికి పెట్టుకున్నారు.

ఇవేవీ లేనప్పుడు లాక్ నుంచే చదవాలి. దానికే లిషి.

లిషి టూల్స్: చిన్నవి, కానీ అసలు పని వీటిదే

చైనా లాక్‌స్మిత్ లీ ఝిచిన్ పేరుతో వచ్చిన టూల్స్ ఇవి. టూ-ఇన్-వన్ అంటే ఒకే టూల్ లాక్ తెరుస్తుంది, తెరిచాక లోతులు కూడా చదువుతుంది. టూల్ బాడీ మీద ఒక గ్రిడ్ చెక్కి ఉంటుంది. అడ్డంగా కట్ పొజిషన్లు, నిలువుగా లోతులు. లోపల ఉన్న సన్నని చేయి వేఫర్‌ని తాకినప్పుడు బయటి సూచిక గ్రిడ్ మీద ఎక్కడ ఆగిందో చూసి నంబర్ రాసుకోవడమే. బ్యాటరీ లేదు, యాప్ లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా నాకు దీన్ని చూస్తే కొంచెం అసూయ కూడా వేసింది. చేతి వాటం గురించి ఇక్కడ రాయను. అది చదివితే రాదు, బెంచ్ మీద ప్రాక్టీస్ లాక్ బిగించుకుని నెలలు కూర్చుంటే వస్తుంది. ప్రొఫైల్‌కి సరిపడా ప్రాక్టీస్ లాక్ కూడా లిషితో పాటే ఆర్డర్ పెట్టమని భాయ్‌కి చెప్పా. కస్టమర్ కార్ మీద నేర్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి.

అన్నిటికంటే ముందు ప్రొఫైల్ పేరు. లిషి యూనివర్సల్ కాదు. హెచ్‌యూ66 టూల్ హెచ్‌యూ101 లాక్‌లోకి వెళ్ళదు. "అన్ని కార్లకీ ఒకటే సెట్" అని ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి అమ్మేవి వేరే జాతి. అవి నంబర్ చెప్పవు, వేఫర్ల అంచులు మాత్రం చెడగొడతాయి. డీకోడింగ్ పనికి అవి పూర్తిగా వేస్ట్.

రెండోది, టూల్ మీద ఉండే చిన్న అక్షరాలు. డోర్‌కా, డిక్కీకా, ఇగ్నిషన్‌కా అన్నది పొడి అక్షరాల్లో చెక్కి ఉంటుంది. కొన్ని కార్లలో డోర్ లాక్‌లో అన్ని వేఫర్లూ ఉండవు. ఇగ్నిషన్‌లో ఉన్నన్ని డోర్‌లో పెట్టరు. అప్పుడు డోర్ నుంచి చదివిన కోడ్‌తో చేసిన కీ డోర్ తీస్తుంది, ఇగ్నిషన్ తిప్పదు. మిగిలిన అంకెల కోసం సాఫ్ట్‌వేర్‌లో అవకాశం ఉన్న కోడ్‌ల లిస్ట్ తీసుకుని తగ్గించుకుంటూ పోవాలి. ఇది తెలియకుండా కస్టమర్‌కి "అరగంటలో అయిపోతుంది" అని చెప్తే ఇరుక్కుంటాం.

మూడోది ఒరిజినల్, నకిలీ తేడా. మేము రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నకిలీ దాంట్లో గ్రిడ్ గీతలు కొంచెం పక్కకి జరిగి ఉన్నాయి, తెలిసిన కీ పెట్టి తెలిసిన లాక్‌లో చదివితే మూడు అనాల్సిన చోట మూడుకీ నాలుగుకీ మధ్యలో ఆగింది. చేయి మెత్తటి స్టీల్, రెండు రోజులకే వంగింది. ఒరిజినల్ ఒక్కోటి మాకు రెండున్నర వేల చుట్టూ పడింది. నకిలీ అందులో మూడో వంతు. ఒక అంకె తప్పు చదివితే ఒక బ్లాంక్ కీ, ఒక అరగంట, ఒక కస్టమర్ పోతారు కాబట్టి ఇక్కడ పొదుపు చేయకండి.

యాంటీ గ్లేర్ వెర్షన్ దొరికితే అదే తీసుకోండి. మామూలు మెరిసే స్టీల్ మీద ఏప్రిల్ మధ్యాహ్నం మియాపూర్ రోడ్డు పక్కన గ్రిడ్ గీతలు కనబడవు, ఇది నేను స్వయంగా చూసిందే. సెల్లార్ పార్కింగ్‌లో దీనికి ఉల్టా సమస్య. తలకి పెట్టుకునే చిన్న ఎల్‌ఈడీ లైట్ ఒకటి టూల్ బాక్స్‌లో ఉండాలి.

ఇంకో లోకల్ సంగతి. రిమోట్ వచ్చాక డోర్ సిలిండర్‌లో కీ పెట్టేవాళ్ళే లేరు. ఆరేడేళ్ళు వాడకుండా మన కన్‌స్ట్రక్షన్ దుమ్ము తిన్న లాక్‌లో వేఫర్లు బిగుసుకుపోతాయి. లూబ్రికెంట్ కొట్టి, కొంచెంసేపు ఆగి, అప్పుడు టూల్ పెట్టాలి. బిగుసుకున్న వేఫర్ తప్పు రీడింగ్ ఇస్తుంది. తప్పు టూల్‌ది అనుకుని తిట్టుకుంటాం.

ఏ ప్రొఫైల్స్? మార్కెట్ లీడర్ కాదు, అనాథ కార్లు చూడండి

ఇక్కడే నాకూ భాయ్‌కీ ఎక్కువ చర్చ జరిగింది. దేశంలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు నూటికి నలభై మారుతివే, కాబట్టి సుజుకి టూల్ తప్పనిసరి. లిషిలో సుజుకికి హెచ్‌యూ87 ఉంది. హ్యుందాయ్, కియా లేజర్ కట్ కీలకి హెచ్‌వై22. ఇవి రెండూ ఎవరైనా చెప్తారు. అయితే అదే కంపెనీలో మోడల్‌ని బట్టి, సంవత్సరాన్ని బట్టి వేరే ప్రొఫైల్స్ కూడా ఉంటాయి. కార్ పేరు విని కాదు, బ్లేడ్ ఫొటో చూసి వెళ్ళాలి. బ్యాడ్జ్‌ని అసలు నమ్మొద్దు. టయోటా గ్లాంజా లోపల అంతా మారుతి బాలెనోనే, టయోటా టూల్ తీసుకెళ్తే ఉత్త చేతులతో వెనక్కి రావాలి.

కానీ భాయ్ నోట్‌బుక్ తిరగేస్తే ఒక ప్యాటర్న్ కనబడింది. మారుతి వాళ్ళకి వీధికో సర్వీస్ సెంటర్ ఉంది, కీ పోతే చాలామంది అక్కడికే వెళ్తారు. భాయ్‌కి ఫోన్ చేసి బతిమాలేది కంపెనీ వెళ్ళిపోయిన కార్ల ఓనర్లు. జనరల్ మోటార్స్ 2017 చివరికి ఇండియాలో షెవర్లే అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ కార్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా సెల్లార్‌లోనే ఎకోస్పోర్ట్‌లు ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాళ్ళకి చాలామందికి వచ్చింది ఒకటే కీ. అది పోతే దిక్కు లేదు. అందుకే భాయ్ లిస్ట్‌లో ఫోర్డ్ హెచ్‌యూ101, క్రూజ్ కోసం హెచ్‌యూ100 చేర్చాం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాకి హెచ్‌యూ66. ఇన్నోవాల కోసం టయోటా టాయ్43. మొత్తం ఆరు. రెనో వ్యాక్102, నిస్సాన్ ఎన్‌ఎస్‌ఎన్14, హోండా హెచ్‌ఓఎన్66 కాల్ వస్తే అప్పుడు చూద్దాం అని ఆపాం. ముప్పై టూల్స్ సెట్ బాక్స్‌లో చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులో సగం మన రోడ్ల మీద లేని కార్లవి.

నంబర్ దొరికింది సరే, కట్ చేసేది ఎవరు?

పాస్‌వర్డ్ తెలిసినా టైప్ చేయడానికి కీబోర్డ్ లేకపోతే ఏం లాభం? భాయ్ దగ్గర ఉన్న పాత మెషిన్ ఒక కీని చూసి ఇంకో కీ కోస్తుంది. చూడ్డానికి కీ లేనప్పుడు అది పనికిరాదు. డీకోడ్ చేసిన నంబర్ తీసుకుని దాని ప్రకారం కోసే మెషిన్ కావాలి. లిషి, ఈ మెషిన్, రెండూ జంట. ఒకటి లేకుండా రెండోది కొనడం దండగ. లక్షన్నరలో ఎక్కువ వాటా పోవాల్సింది ఇక్కడికే అని నా అభిప్రాయం.

ఈ రేంజ్‌లో మేము చూసింది ఎక్స్‌హార్స్ డాల్ఫిన్ ఎక్స్‌పీ-005. లోపల బ్యాటరీ ఉంది కాబట్టి స్కూటర్ మీద తీసుకెళ్ళి సెల్లార్‌లోనే కట్ చేయొచ్చు. ఫోన్ యాప్‌తో బ్లూటూత్ మీద నడుస్తుంది. లేజర్ కట్, మామూలు అంచు కట్ రెండూ చేస్తుంది, ఉన్న కీని పెడితే తనే చదివి నంబర్ చెప్తుంది. ఇదే మెషిన్ స్క్రీన్‌తో ఎక్స్‌పీ-005ఎల్ అని కూడా ఉంది. భాయ్‌కి ఫోన్ ఉంది కదా, ఎల్ కోసం ఎక్స్‌ట్రా పెట్టొద్దన్నా. నచ్చనివి కూడా చెప్పాలి. యాప్ మెనూలు మన కార్ పేర్లతో ఉండవు, ప్రొఫైల్ తెలిసినవాడికే దారి దొరుకుతుంది. తెలుగు లేదు. కట్టర్ బిట్లు అరిగిపోయే సామాను, వాటి ఖర్చు లెక్కలో వేసుకోవాలి. ఇటలీ సిల్కా ఫ్యూచురా లాంటివి ఫినిషింగ్‌లో ఒక మెట్టు పైనే, కానీ షాప్‌లో కూర్చోబెట్టే మెషిన్లు, ధర కూడా ఈ బడ్జెట్‌ది కాదు.

మెషిన్ వచ్చిన రోజే ఒక టెస్ట్ చేయండి. కొత్తగా ఉన్న ఒక ఒరిజినల్ కీని కాలిపర్‌తో కొలిచి నంబర్ రాసుకోండి. మెషిన్‌తో చదివించండి. రెండూ కలవాలి. తర్వాత ఆ నంబర్‌తో బ్లాంక్ కట్ చేసి మళ్ళీ కాలిపర్ పెట్టండి. తేడా వస్తే ముందు కాలిబ్రేషన్ చేసి మళ్ళీ చూడాలి, అప్పటికీ రాకపోతే రిటర్న్ గడువు లోపలే మాట్లాడాలి. మేము మొదట అడిగిన ఒక ఆన్‌లైన్ సెల్లర్ డెమోకి ఒప్పుకోలేదు, బిల్లు మీద సీరియల్ నంబర్ కూడా వేయనన్నాడు. ఐదు వేలు ఎక్కువైనా డెమో ఇచ్చినవాళ్ళ దగ్గరే తీసుకున్నాం.

మరి ఆ పెద్ద ట్యాబ్లెట్?

ఆటెల్ ఐఎం508, ఐఎం608 లాంటి ప్రోగ్రామర్లు చెడ్డవని కాదు. కార్ ఓబీడీ పోర్ట్‌కి కనెక్ట్ చేసి కొత్త కీని ఇమ్మొబిలైజర్‌కి పరిచయం చేసే పని అవి బాగా చేస్తాయి. కానీ మూడు విషయాలు అడగాలి. ఇండియా మోడల్స్‌లో ఏవి, ఏ సంవత్సరం వరకు సపోర్ట్? ఉన్న కీకి తోడు ఇంకో కీ కలపడమా, అన్ని కీలూ పోయినప్పుడు కూడా చేస్తుందా? బాక్స్ మీద ఈ రెండూ ఒకే టిక్ మార్క్ కింద కలిపేస్తారు, నిజానికి రెండోది చాలా కష్టమైన పని, కొన్ని కార్లకి కంపెనీ దగ్గరే ఉండే పిన్ కావాలి. ఇక అప్‌డేట్ సబ్‌స్క్రిప్షన్ అయిపోయాక ఏటా ఎంత? ఫోన్‌కి అప్‌డేట్ రాకపోతే మనం తిట్టుకుంటాం గానీ వాడుకుంటాం. ప్రోగ్రామర్‌కి అప్‌డేట్ ఆగితే కొత్త కార్ వచ్చినప్పుడల్లా ఒక కస్టమర్‌ని తిప్పి పంపాలి.

భాయ్ స్టేజ్‌కి చిన్న టూల్ చాలు. ఎక్స్‌హార్స్ మినీ కీ టూల్, కీడీఐవై కేడీ-ఎక్స్2, రెండూ చేతిలో పట్టేంతవి. చిప్ ఏ రకమో గుర్తిస్తాయి, చాలా పాత చిప్‌లని క్లోన్ చేస్తాయి, యూనివర్సల్ రిమోట్‌ని కావాల్సిన మోడల్ కింద తయారుచేస్తాయి, రిమోట్ ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో చెప్తాయి. మన దగ్గర ఎక్కువ కార్ రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. సెకండ్స్‌లో అమ్మే అమెరికా రిమోట్లు చాలావరకు 315, చవకగా వస్తున్నాయని కొంటే బటన్ నొక్కినా కార్ పలకదు. మేము మినీ కీ టూల్ తీసుకున్నాం, దీనికి ఎక్స్‌హార్స్ సూపర్ చిప్ ఎక్స్‌టీ27 ఒక్కటి చాలా రకాల చిప్‌ల అవతారం ఎత్తుతుంది, కాబట్టి పది రకాల చిప్‌లు స్టాక్ పెట్టక్కర్లేదు.

క్లోనింగ్ ఎలా సాధ్యం అని నాకు మొదట డౌట్ వచ్చింది, ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కదా అని. చదివితే తెలిసింది, పాత చిప్‌ల ఎన్‌క్రిప్షన్ ఎప్పుడో విరిగింది. 40 బిట్ల కీ వాడే టెక్సాస్ డీఎస్‌టీ చిప్‌ని 2005లోనే అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు ఛేదించారు. హిట్యాగ్2 వంతు 2012లో వచ్చింది. మెగామోస్ మీద రాసిన పేపర్‌ని 2013లో ఫోక్స్‌వ్యాగన్ లండన్ కోర్టుకెళ్ళి ఆపించింది, చివరికి 2015లో బయటికొచ్చింది. ఆ చిప్‌లున్న కార్లు ఇంకా మన సెల్లార్లలో తిరుగుతున్నాయి.

పెద్ద ప్రోగ్రామింగ్ జాబ్ వస్తే కూకట్‌పల్లిలో ట్యాబ్లెట్ ఉన్న ఇంకో కీ మేకర్‌ని పిలుస్తారు, డబ్బులు చెరిసగం. బ్లేడ్ పని భాయ్‌ది, చిప్ పని ఆయనది. పుష్ స్టార్ట్ కార్లకీ ఇదే ఏర్పాటు. వాటి రిమోట్ లోపల దాచిన చిన్న బ్లేడ్‌కి డీకోడింగ్ పనికొస్తుంది, డోర్ వరకు మాత్రమే.

చివరికి మా బిల్లు ఇలా తేలింది: కట్టింగ్ మెషిన్ లక్షా పది వేలు, ఆరు లిషీలు పదిహేను వేలు, మినీ కీ టూల్ పది వేలు, బ్లాంకులు, చిప్‌లు పన్నెండు వేలు, కాలిపర్, లైట్, లూబ్రికెంట్, ప్రాక్టీస్ లాక్ కలిపి మూడు వేలు. ఇవి మాకు పడిన రేట్లు, మీరు కొనే రోజుకి మారతాయి.

ఆర్‌సీ చూడనిదే టూల్ బాక్స్ తెరవొద్దు

2021లో బంజారాహిల్స్‌లో ఒక స్టార్ హోటల్ పార్కింగ్ నుంచి కన్నడ సినిమా నిర్మాత ఫార్చ్యూనర్ పోయిన కేసు గుర్తుందా? నిందితుడు డూప్లికేట్ కీలు తయారుచేసే పరికరాలతోనే కార్లు ఎత్తుకెళ్ళేవాడని పేపర్లలో వచ్చింది. ఆ పరికరాల కుటుంబమే భాయ్ టూల్ బాక్స్‌లోదీ. పోలీసు వచ్చి అడిగిన రోజు తేడా చూపించేది భాయ్ పెట్టిన రికార్డు ఒక్కటే.

అందుకే ఫోన్లో కాల్ వచ్చినప్పుడే చెప్పేస్తున్నారు: ఆర్‌సీ, ఓనర్ ఐడీ ఉంటేనే వస్తా. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి వివరాలు చూస్తారు. కస్టమర్ ఆర్‌టీఏ ఎం-వాలెట్‌లో గానీ డిజిలాకర్‌లో గానీ ఆర్‌సీ అక్కడే ఓపెన్ చేసి చూపించాలి, స్క్రీన్‌షాట్ చెల్లదు. ఓనర్ అమెరికాలో ఉండి ఇక్కడ తండ్రి కార్ వాడుతున్న ఇళ్ళు మా ఏరియాలో చాలా ఉన్నాయి. అప్పుడు ఓనర్‌తో వీడియో కాల్, ఆ పెద్దాయన ఐడీ కాపీ. "ఏందయ్యా, నా కార్‌కి నన్నే అనుమానిస్తున్నావా?" అని ఒకరిద్దరు గట్టిగానే అరిచారు. భాయ్ నవ్వి "మీ కార్ కోసమే సార్, రేపు ఇంకోడొచ్చి మీ కార్‌కి కీ చెయ్యమంటే వానికి గూడ గిట్లనే చెప్త" అన్నారు.

నా తరఫున నేను మార్చింది ఒక్కటి. భాయ్ నోట్‌బుక్‌లో కార్ నంబర్, ఫోన్ నంబర్, పక్కనే డీకోడ్ చేసిన కీ అంకెలు, మూడూ ఒకే లైన్లో రాసి ఉన్నాయి. మళ్ళీ కీ పోతే తొందరగా చేసివ్వొచ్చని. ఇది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, అడ్రస్ కలిపి గోడ మీద రాయడమే. ఆ నోట్‌బుక్ ఎవడు ఫొటో తీసినా బాచుపల్లిలో సగం కార్ల డోర్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు రిజిస్టర్‌లో కార్ నంబర్, తేదీ, ఐడీ వివరాలు మాత్రం ఉంటాయి. కీ అంకెలు ఒక చీటీ మీద రాసి కస్టమర్ చేతికే ఇచ్చేస్తారు, మెషిన్ యాప్‌లోని హిస్టరీ కూడా అక్కడే డిలీట్ చేస్తారు. పాత పేజీల్లో ఆ కాలమ్ మీద నల్ల మార్కర్ కొట్టడానికి మాకు ఒక ఆదివారం పట్టింది.

కార్ ఉన్న మీరు కూడా ఈ మూడు చూసుకోండి. కీ నంబర్ ట్యాగ్ గ్లవ్‌బాక్స్‌లో ఉంటే ఇవాళే ఇంట్లోకి తెచ్చేయండి. కొత్త కార్ డెలివరీ ఫొటోల్లో బ్లేడ్ కనబడేలా కీ పట్టుకోకండి, లోతులు నాలుగైదే ఉంటాయి కాబట్టి అలవాటైన కన్ను ఫొటోలోంచి కూడా చదివేస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్ తీసుకుంటే రెండో కీ అడిగి మరీ తీసుకోండి. లేదంటే ఉన్న ఒక్క కీ పోకముందే రెండోది చేయించండి, అన్నీ పోయాక చేయించే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కార్ దొంగతనం క్లెయిమ్ అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా రెండు కీలూ అడుగుతారు. మధ్యలో కొత్తగా చేయించి ఉంటే ఆ బిల్లు దాచుకోండి. బిల్లు ఇవ్వని కీ మేకర్ దగ్గర కీ చేయించుకోకండి. భాయ్ ఇప్పుడు బిల్‌బుక్ కొట్టించారు, సీరియల్ నంబర్లతో.

మూడు నెలల వాడకం తర్వాత అప్‌డేట్: ఎక్కువ తిరిగింది హెచ్‌యూ101, ఆ తర్వాత హెచ్‌యూ87. హెచ్‌యూ100 రెండుసార్లే బయటికొచ్చింది, కానీ ఆ రెండు జాబులతోనే దాని ఖర్చు వచ్చేసింది. మెషిన్‌లో ఒక కట్టర్ బిట్ మార్చారు. ఈ నెలలోనే రెనో డస్టర్లకి మూడు కాల్స్ వచ్చాయట, వ్యాక్102 ఆర్డర్ పెట్టాం. ప్రోగ్రామర్ ట్యాబ్లెట్ సంగతి అడిగితే "దసరా దాటనీ తమ్మీ, ముందు చిట్టీ కిస్తీలు తీరనీ" అన్నారు.